ఏ మెట్టు మీద నున్నారు?

క్రిందటి మాఘమాసములో మా పట్టణమున నొక కల్యాణమండపమందు మూడు దినముల ధ్యానశిబిరము జరుగుచున్నదని తెలిసి, ఇంటికి దగ్గరనే గదా యను సౌకర్యముచేతను, చాలకాలముగా ఒంటరిగా కూర్చుండుటలో విసుగు పుట్టియుండుటచేతను, నేనును పోయితిని. ద్వారముకడ నొక కుర్రవాడు బల్ల వేసికొని, ఒక కంట చెప్పుల వరుసలను చూచుకొనుచు, వచ్చినవారికెల్ల దరఖాస్తు కాగితములు పంచుచుండెను. పేరు, వయస్సు, ఫోను నంబరు, రక్తపోటు కలదా, మధుమేహము కలదా యను ప్రశ్నలు ముగిసిన పిమ్మట, ఆ కాగితము చివర, ప్రస్తుతము ధ్యానములో మీరు ఏ స్థాయిలో నున్నారను ప్రశ్నయు, దాని కెదురుగా ఒకటి మొదలు ఏడు వరకు గళ్లును ఉండెను.

కలము పట్టుకొని కొంతసేపు తటపటాయించి, తుదకు రెండవ గడిలో టిక్కు పెట్టితిని. పెట్టిన మరుక్షణమున, మూడవదానికి తగినవాడనై యుండియు వినయముచేత రెండవదానితో సరిపెట్టుకొంటినను చల్లని తృప్తి యొకటి లోపల మెదలెను. దానిని గమనించి సిగ్గుపడితిని. సిగ్గుపడగలిగినందుకు మరల కొంత సంతోషించితిని. ఈ తంతు ఎంతదూరము పోయెడిదో గాని, వెనుక నిలుచున్న పెద్దమనిషి "కాస్త త్వరగా కానివ్వండి మాస్టారూ" అనుటచేత అంతటితో ఆగినది. మూడు దినముల శిబిరములో నేర్చినదానికంటె ఆ బల్లకడ నిలిచిన మూడు నిమిషములలో నేర్చినదే యెక్కువయని నాకిప్పటికిని తోచుచున్నది. ఈ వ్యాసము ఆ గళ్లను గూర్చియే.

గళ్లు గీసినవారు వానిని గాలిలోనుండి పుట్టింపలేదు. యోగవాసిష్ఠమున వసిష్ఠుడు శ్రీరామునకు జ్ఞానభూమికలు ఏడని ఉపదేశించినాడు. శుభేచ్ఛ, విచారణ, తనుమానసి, సత్త్వాపత్తి, అసంసక్తి, పదార్థాభావని, తుర్యగ యను నీ పేర్లు పురాణకాలక్షేపములు వినిన మన తాతలకు కొంతకు కొంత పరిచితములే. మడికి సింగన వాసిష్ఠరామాయణమును తెలుగున రచించిన నాటినుండి ఆ చర్చ మన భాషలోనిదే యైనది. బ్రతుకు తెన్ను తప్పుచున్నదను దిగులు పుట్టి మేలుకోరుట మొదటిది. పెద్దలను, గ్రంథములను ఆశ్రయించి తరచి చూచుట రెండవది. ఆ తరచి చూచుటచేత విషయములయందు మనస్సునకు గల పట్టు సన్నగిల్లుట మూడవది. తనుమానసి యను పేరెంత యందమైనదో చూడుడు. తనువనగా నిచట దేహము కాదు, సన్ననిదని యర్థము. ఏండ్ల తరబడి ఉతుకగా ఉతుకగా నూలుపంచె పలుచనై వెలుతురును పోనిచ్చినట్లు మనస్సు పలుచనగుట. నాలుగవ భూమిక మొదలుకొని పైమాట చెప్పుటకు నేను తగినవాడను కాను. చదివినది చెప్పవచ్చును గాని, ఆ చదువు ఊరు చూడనివాడు ఊరి పటమును వర్ణించుట వంటిది.

ఒక్క విషయము మాత్రము గమనింపదగియున్నది. శిబిరపు కాగితములో మొదటి గడి, ఎన్నడును కూర్చుండి యెరుగని క్రొత్తవారికై కేటాయింపబడెను. వసిష్ఠుని లెక్కలోనో, మొదటి భూమికను చేరినవాడే అరుదు. ఏలయన తన స్థితి బాగుగా లేదని నిజముగా తోచినవాడు గాని దానిపై కాలు మోపలేడు. ఇరుగుపొరుగువారి స్థితి బాగుగా లేదని తోచుట వేరు; అది మనకందరకును పుట్టుకతోనే సిద్ధించిన జ్ఞానము.

పతంజలి యోగసూత్రములకు భాష్యము వ్రాసిన వ్యాసుడు మొదటి సూత్రముకడనే చిత్తమునకు ఐదు భూములు చెప్పినాడు: క్షిప్తము, మూఢము, విక్షిప్తము, ఏకాగ్రము, నిరుద్ధము. పేర్లు శాస్త్రీయములైనను మొదటి మూడును మన యెరుకలోనివే. పెరటిలో విడిచిన కోడిపిల్లవలె ఒక్కచోట నిలువనిది క్షిప్తము. పప్పన్నము తిన్న మధ్యాహ్నపు మంపువంటిది మూఢము. చంచలమే యైనను నడుమ నడుమ క్షణకాలము కుదురుకొనునది విక్షిప్తము. ఈ మూడవదానిలో కలుగు కుదురును సైతము యోగమని లెక్కింపరాదని భాష్యకారుడు మొగమాటము లేక తీర్పు చెప్పినాడు. అనగా, ఉదయమున అరగంట కూర్చుండి, నడుమ రెండు నిమిషములు హాయిగా నుండగా, నేడు ధ్యానము బాగుగా కుదిరినదని కాఫీ త్రాగుచు ఇంటివారితో చెప్పెడి నావంటివాని యనుభవము ఆయన ఖాతాలో జమపడదు. 2010లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన మనశ్శాస్త్రజ్ఞులిద్దరు 2250 మందిని వేళగాని వేళలందు ఫోనుద్వారా పలుకరించి, ఆ క్షణమున వారి మనస్సు చేయుచున్న పనిమీద నున్నదో మరియొకచోట నున్నదో యడిగి లెక్కవేయగా, నూటికి సుమారు 47 పర్యాయములు అది పనిని విడిచి పోయియున్నదని తేలెను. భాష్యకారుడు ఈ లెక్కకు ఆశ్చర్యపడి యుండడు. మిగిలిన 53 పర్యాయముల మాటను నమ్మియుండునా యనునదే నా సందేహము.

మనస్సు కుదురుకొనుట ఆత్మావలోకనమునకు తొలి గురుతని చాలమంది తలంచుచున్నారు. నా యెరుకలో తొలి గురుతు, అది కుదురుకొనలేదని తెలియుట. క్రొత్తగా కూర్చున్నవాడు వారము దినములు గడచునప్పటికి వచ్చి, ఇదివరకు లేని యాలోచనలన్నియు ఇప్పుడే పుట్టుచున్నవని, ధ్యానము తనకు పడలేదని మొరపెట్టుకొనును. క్రొత్తగా పుట్టినవేమియు లేవు. అర్ధరాత్రి వంటయింట దీపము వేసినవానికి బొద్దింకలు కనబడినవి. అవి దీపమునుండి పుట్టినవని వాడు అనుకొనుచున్నాడు. దీపమార్పివేయుట సులభోపాయమే, చాలమంది ఆ పనియే చేయుదురు.

ఇక మెట్ల విషయము. పతంజలి మొదటి పాదమున యోగమునకు తొమ్మిది యంతరాయములను చెప్పినాడు. వ్యాధి, స్త్యానము, సంశయము, ప్రమాదము, ఆలస్యము, అవిరతి, భ్రాంతిదర్శనము అను నేడింటిని ఎవడైనను ఊహింపగలడు. చివరి రెండింటిని చూడుడు: అలబ్ధభూమికత్వము, అనవస్థితత్వము. భూమిక లభింపకపోవుట ఒక విఘ్నము. లభించిన భూమికలో నిలువలేకపోవుట మరియొక విఘ్నము. సాధకుని గొప్పతనమును కొలుచుటకు గాక, అతనికి తగులు దెబ్బను చెప్పుటకు సూత్రకారుడు భూమికయను మాటను ఇచట వాడినాడు. ఎక్కినప్పటికంటె జారినప్పుడే మెట్టు బాగుగా తెలియునని దీనినుండి నేను గ్రహించిన యర్థము. పండితులు వేరుగా చెప్పుదురేమో. నిన్న లభించినది నేడు పోవచ్చును, రేపు రావచ్చును. గడిలో సిరాతో పెట్టిన గురుతు మాత్రము ఆ కదలికతో కదలదు, గురుతు పెట్టినవానికి చిక్కు అక్కడనే పుట్టును.

మూడవ పాదములో ఇంతకంటె సూక్ష్మమైన మాట యొకటి కలదు. అచట భాష్యకారుడు యోగులను నాలుగు తరగతులుగా విభజించి, ప్రథమకల్పికుడు, మధుభూమికుడు, ప్రజ్ఞాజ్యోతి, అతిక్రాంతభావనీయుడు అని పేర్లు పెట్టినాడు. దేవతలు దిగివచ్చి, దివ్యభోగములను, రసాయనములను, విమానములను చూపి రమ్మని పిలుచుట ఈ నలువురిలో రెండవవానినే. మొదటివాడింకను పిలువదగినంతవాడు కాడు. కడపటి యిరువురిని పిలిచి ప్రయోజనము లేదు. తేనెవంటి భూమిక చేరినవానికే తేనెటీగల బాధ. ఆ యాహ్వానమును త్రోసిపుచ్చుట సగము పని మాత్రమే. దేవతలంతటివారు వచ్చి నన్ను బ్రతిమాలిరి గదా యను స్మయము, అనగా లోలోపలి మురిపెము, కలుగకుండ చూచుకొనుట మిగిలిన సగము. ఆ మురిపెమున పడి నిబ్బరముగా కూర్చున్నవాడు మృత్యువు తన జుట్టు పట్టుకొనియున్న సంగతిని గమనింపడని భాష్యకారుని హెచ్చరిక. ఇంద్రుని విమానమును వలదనుట కష్టమో, వలదంటినని నలుగురితో చెప్పకుండుట కష్టమో, నాకు తెలియదు. నాకు ఇంద్రుడు విమానము పంపలేదు. కాని ఒకసారి పెండ్లివిందులో మూడవ విడత పూర్ణములను వలదని, ఆ సంగతిని నెల దినములు చెప్పుకొంటిని.

బౌద్ధులు ఈ విషయమున మరియొక యడుగు ముందునకు వేసిరని నా యభిప్రాయము. క్రీస్తుశకము 5వ శతాబ్దిలో సింహళద్వీపమున, అనురాధపురమందలి మహావిహారములో బుద్ధఘోషుడు పాలిభాషయందు విశుద్ధిమార్గమను మహాగ్రంథమును రచించెను. ఆయన ఆంధ్రదేశీయుడని వాదించిన పండితులు కలరు. ఆ వాదము నిలుచుగాక, నిలువకపోవుగాక, అమరావతి నాగార్జునకొండల నేలపై పుట్టిన మనకు ఆ పేరు పరాయిది కాదు. 23 పరిచ్ఛేదముల ఆ గ్రంథమున ఇరువదవదానిలో, విపశ్యన సాధించువానికి దారినడుమ నెదురగు ఉపక్లేశములు పది వర్ణింపబడినవి. వానిలో దుర్గుణములుగాని దుఃఖములుగాని లేవు. కన్నులు మూసికొనగా లోపల వెలుగు నిండుట, విషయము చురుకుగా తెలియుట, ప్రీతి, ప్రశాంతి, సుఖము, గట్టి విశ్వాసము, ఉత్సాహము, తిరుగులేని స్మృతి, ఉపేక్ష – తొమ్మిదియు మంచివే, శిబిరములలో మనము డబ్బిచ్చి కోరునవే. ఈ తొమ్మిదింటిమీద కలుగు సన్నని యిష్టము, పాలిలో నికంతి యనునది, పదవది. వెలుగు కనబడినవాడు ఇదియే మార్గము, ఇదియే ఫలమని తలంచి, చేయుచున్న పనిని విడిచి ఆ వెలుగునే చూచుచు కూర్చుండునని ఆచార్యుడు చెప్పినాడు.

అక్కడనే యొక కథయు చెప్పినాడు. నేను దానిని చదివి నవ్వుకొని, తరువాత చాలసేపు నవ్వలేకపోతిని. తలంగరమున నివసించు ధర్మదిన్నుడను స్థవిరుడు, తన యాచార్యుడైన మహానాగస్థవిరుని సాధన కొసముట్టినదా లేదాయని ఒకనాడు యోచించి, ఆయన యింకను సామాన్యజనులలోనివాడుగనే యున్నాడనియు, తాను పోయి కదలింపనిచో అట్లే దేహము చాలించుననియు గ్రహించి, బయలుదేరి పోయెను. గురువు పగటి విశ్రాంతిస్థానమున కూర్చుండియుండెను. శిష్యుడు నమస్కరించి, పరిచర్య చేసి, ప్రశ్నలు వేయ మొదలిడెను. గురువు ఒక్కటియు తడుముకొనక చక్కగా సమాధానములు చెప్పెను. తమ జ్ఞానమింత తీక్ష్ణముగా నున్నది, ఇది యెప్పుడు లభించినదని శిష్యుడడుగగా, అరువదియేండ్ల క్రిందటనని గురువు పలికెను. సమాధిబలము సైతము కలదా యని యడుగగా, కలదనెను. అట్లయిన నొక యేనుగును కల్పింపుడని శిష్యుడు కోరెను. గురువు తెల్లని యేనుగును కల్పించెను. అది చెవులు రిక్కించి, తోక సాచి, తొండము నోట పెట్టుకొని, భయంకరముగా ఘీంకరించుచు తమ మీదికే వచ్చునట్లు చేయుడని శిష్యుడు మరల కోరెను. గురువు అట్లే చేసెను. చేసి, మీదికి దూకివచ్చు దానిని చూచి, లేచి పరుగెత్తబోయెను. శిష్యుడు చేయి చాచి ఆయన చీవరపు చెరగు పట్టుకొని, ఆస్రవములు, అనగా చిత్తమలములు, నశించినవారికి భయముండునా యని మెల్లగా నడిగెను. ఆ క్షణమున ముసలియాచార్యునకు తన స్థితి తెలిసిపోయెను. శిష్యుని కాళ్లకడ కూర్చుండి, తనకు దారి చూపుమని వేడుకొనెను.

ఇందులో కపటమెక్కడ నున్నది? మహానాగుడు అబద్ధమాడలేదు. అరువదియేండ్లు తాను ముక్తుడనని మనసార నమ్మెను. నమ్ముటకు ఆధారములును ఉండెను. సమాధిబలముచే కామక్రోధములు అణగియుండగా, అవి నశించినవని పొరబడుట ఎంత సులభము! అణగియున్నదానికిని నశించినదానికిని లోపలనుండి చూచువానికి భేదము కనబడదు. అరణ్యములోని యాశ్రమమున, పరిచర్య చేయు శిష్యుల నడుమ, ఏనుగు వచ్చుటెక్కడ? పైగా ఆ యేనుగు ఆయన కల్పించినదే. తాను కల్పించితినని తెలిసియు పరుగెత్తెను. ఈ కథలో నాకు గురువుకంటె శిష్యుని మీదనే గౌరవమెక్కువ. ఆయన వాదింపలేదు, నిందింపలేదు, మీరు నాలుగవ మెట్టుననే యున్నారని తీర్పు వ్రాసియియ్యలేదు. సరియైన క్షణమున చెరగు పట్టుకొనెను, అంతే.

అణగుటకును నశించుటకును గల ఈ భేదమే అద్వైతుల గ్రంథములలో లయమను పేర వచ్చుచున్నది. గౌడపాదుడు మాండూక్యకారికలలో మనస్సు లయమున పడినప్పుడు మేల్కొలుపవలెననియు, అచటి సుఖమును చప్పరించుచు కూర్చుండరాదనియు హెచ్చరించినాడు. సదానందుని వేదాంతసారమున ఆ చప్పరింపునకు రసాస్వాదమను పేరును కలదు. రమణమహర్షి దీనికి ఒక కథ చెప్పెడివారు. గంగాతీరమున తపస్సు చేయు యోగి యొకడు సమాధినుండి లేచి, దాహము వేయగా, శిష్యుని నీళ్లు తెమ్మనెను. నీళ్లు వచ్చులోపల మరల సమాధిలో మునిగి, ఎన్నో యేండ్లు గడచిన పిమ్మట కన్నులు తెరచెను. శిష్యుడు లేడు, ఆ నాటి లోకమే లేదు. యోగి నోటినుండి వెలువడిన మొదటి మాట, నీళ్లెక్కడ యని. దాహమంతకాలమును చెక్కుచెదరక కాచుకొని కూర్చున్నది. ముప్పది పద్యముల ఉపదేశసారమున మహర్షి మనోలయమును, మనోనాశమును వేరుపరచి చెప్పుటకు కారణమిదియే.

బొబ్బిలి ప్రాంతపు కలువరాయి గ్రామమున పుట్టిన కావ్యకంఠ గణపతిముని, శాస్త్రములెల్ల చదివి, ఏండ్ల తరబడి మంత్రజపములు చేసి, 1907 నవంబరులో అరుణాచలము మీది విరూపాక్షగుహకు పోయి, తపస్సనగా నేమో తనకింకను తెలియలేదని యువసన్న్యాసియగు రమణమహర్షి పాదములకడ వ్రాలిన కథ తెలుగువారెరిగినదే. కొంతసేపు మౌనముగా చూచి ఆయన యిచ్చిన యుపదేశము, నేను నేనను స్ఫురణ ఎచటనుండి పుట్టుచున్నదో గమనింపుమనియు, జపించుచున్న మంత్రధ్వని యెచటనుండి లేచుచున్నదో గమనింపుమనియు. ఎన్ని కోట్ల జపమైనది, ఏ భూమిక చేరితివి, ఏమేమి కనబడినవి యను ప్రశ్న యొక్కటియు ఆ సంభాషణలో లేదు. 1945 మొదలు సూరి నాగమ్మగారు తెలుగులో వ్రాసిన శ్రీరమణాశ్రమలేఖలను చదివినవారు మరియొక సంగతి గమనించియుందురు. తమకు కనబడిన వెలుగులను, వినబడిన నాదములను విన్నవించుకొనుటకు వచ్చినవారి మాటను మహర్షి ఆ వెలుగులనుండి మరల్చి, వానిని చూచినవాడెవడో కనుగొనుమని, వచ్చినవాని మీదికే త్రిప్పెడివారు. కనబడినది పెద్దదైనకొలది చూచినవాడును పెద్దవాడగుచుండును. ప్రమాదము అందులోనే కలదు.

నా సొంత లెక్క యొకటి యున్నది, శాస్త్రసమ్మతము కాదు. ముప్పదియేండ్ల క్రిందట, ఎవరినైన నోటికి వచ్చినట్లు కసరిన సంగతి నాకు మరునాటికి గాని తెలిసెడిది కాదు. తెలిసినను తప్పు వారిదేయని తోచెడిది. కొంతకాలమునకు ఆ రాత్రియే తెలియసాగెను. ఆ పిమ్మట, కసరుచున్న వాక్యము నడుమనే, గొంతు మారినదని చెవికి వినబడసాగెను. కాని వాక్యమును పూర్తి చేయకుండ ఆపుట మర్యాద కాదన్నట్లు పూర్తిచేసెడివాడను. ఎప్పుడో ఒకటి రెండు పర్యాయములు, మాట పుట్టకముందు రొమ్ములో వేడియు, చెవుల తమ్మెలలో చిమచిమయు తెలిసి, నోరు తెరవక నిలిచితిని. ఇవి నాలుగు మెట్లని చెప్పబోయి ఆగుచున్నాను. ఏలయన మొన్ననే, గ్యాసుబండ ఆలస్యముగా తెచ్చిన కుర్రవానిమీద ఎగిరిపడి, ఆ సంగతి రాత్రి పడుకొనిన తరువాత గాని నాకు తెలియలేదు.

ఇంటిలోనివారికి మాత్రము వెంటనే తెలియును. ఒకప్పుడు నేను వేకువను కూర్చున్న వేళ కుక్కరు ఈల వేసినదని, పాలవాడు గంట కొట్టెనని, పిల్లలు తలుపు దబాలున వేసిరని, లేచి వచ్చి అరచుట వాడుక యైనది. ఒకనాడు నా భార్య పొయ్యి కడనుండి కదలకయే, "ఏమండీ, మీ ధ్యానం అయ్యేదాకా మేమంతా మౌనవ్రతం పట్టాలా?" అని యడిగినది. నాకు దొరికిన ధర్మదిన్నస్థవిరుడు ఆమెయే. యోగవాసిష్ఠమున చూడాల కథ చదివినప్పుడెల్ల ఆ మాట జ్ఞాపకము వచ్చును. రాజగు శిఖిధ్వజుడు రాజ్యమును విడిచి, అడవికి పోయి, తపస్సు చేయుచుండగా, ఇంటనే యుండి జ్ఞానము పొందిన రాణి చూడాల బ్రాహ్మణకుమారుని రూపమున వచ్చి, నీవింకను విడువవలసినది విడువలేదనును. అతడు కుటీరమును, జపమాలను, మృగచర్మమును, కమండలువును అగ్నిపాలు చేసి, ఇక మిగిలినది దేహమేయని దానినిగూడ పడవేయబోవును. దేహము చేసిన తప్పేమి, విడువవలసినది చిత్తము గదా యని ఆమె యాపును. స్వర్గభోగములు చూపి ఒకసారి, భార్యను పరపురుషునితో చూపి మరియొకసారి పరీక్షించి, అతడు చలింపనప్పుడు గాని తన నిజరూపమును చూపదు. ఈ కథ అల్లినవానికి గృహస్థాశ్రమము బాగుగా తెలిసియుండవలెను.

అయినచో మెట్ల లెక్కయే వలదందురా యని అడుగవచ్చును. వలదనను. విశుద్ధిమార్గమున వర్ణింపబడిన దారిలో, ఆ వెలుగులను దాటిన తరువాత, చూచిన ప్రతిదియు కరగిపోవుచున్నట్లు తోచుట, దానివలన భయము, ఆ పిమ్మట అన్నిటియందును దోషదర్శనము, నిర్వేదము వరుసగా వచ్చునని చెప్పబడినది. తీవ్రముగా సాధన చేయుచు, ఇట్టి ఘట్టమున పడి, ఇది దారిలోని యొక మలుపని చెప్పువారు లేక, తనకు మతి చెడినదని బెదరిపోయిన సాధకునకు, ముందువారు వ్రాసిపెట్టిన పటము ప్రాణమువంటిది. సత్యనారాయణ గోయంకాగారు 1969లో బర్మానుండి వచ్చి మన దేశమున విపశ్యన నేర్ప మొదలిడగా, 1976లో హైదరాబాదు శివారున నాగార్జునసాగరము దారిలో ధమ్మఖేత్తమను కేంద్రము వెలసెను. అచట పది దినములు మౌనము. సాధకులు తమ తమ యనుభవములను తమలో తాము చెప్పుకొనరాదు, సందేహమున్నచో ఆచార్యునితో మాత్రము చెప్పవలెను. ఈ నియమములోని వివేకమును నేను చాలకాలము గ్రహింపలేదు. పటము ఉండవలసినది దారి తెలిసినవాని చేతిలో. ప్రయాణికుడు దానిని మెడలో కట్టుకొని ఊరేగుటకు కాదు. జ్వరముకొలది రోగి పరుపు ప్రక్కన వ్రాసియుంచు కాగితము వైద్యునకై గదా! నాకు నూటమూడు వచ్చినదని రోగులు ఒకరితో నొకరు పోటీపడుట యుండదు.

వైద్యుని మాట వచ్చినది గావున ఇదియు చెప్పవలెను. రాత్రులు నిద్రలేక, లేని మాటలు వినబడుచు, తిండి మానిన మనిషిని, ఇది యున్నతభూమికయని మెచ్చుకొని మరింత కూర్చుండబెట్టుట నేరము. అతనిని మానసికవైద్యుని కడకు తీసికొనిపోవలెను. ఈ విషయమున భూమికల వాదమునకు తావే లేదు.

2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి డిసెంబరు 21వ తేదీని ప్రపంచధ్యానదినముగా ప్రకటించినది మొదలు, ధ్యానము బడులలోనికి, కచేరీలలోనికి, ఫోనులలోనికి వేగముగా వచ్చుచున్నది. నేను దానిని ఆక్షేపింపను. కాసేపు మాటలాడక కూర్చుండు జనము పెరుగుట లోకమునకు నష్టము కాదు. ఆక్షేపించునది మొదటి స్థాయి, రెండవ స్థాయి, ఆచార్యస్థాయి యను ధరల పట్టికను. వరుసగా ఇన్ని దినములు కూర్చుంటివని పతకములు పంచు ఫోను యాపులను. రెండు దినముల శిబిరము కాగానే చేతబెట్టు సర్టిఫికెట్టును. చదువులో, కొలువులో, చీట్లపాటలో పైమెట్టుకై పెనుగులాడి అలసినవాడు, ఆ పెనుగులాట నుండి క్షణకాలము తప్పుకొని తన్ను తాను చూచుకొందమని వచ్చినచో, వానికి మరియొక నిచ్చెన చూపుట ఏమి న్యాయము? పిల్లల బడులలో ధ్యానమునకు మార్కులు వేయు యోచన ఎవరికైన నున్నచో, వారికి నా విన్నపము: డ్రాయింగునకు వేసికొనుడు, దీనిని విడిచిపెట్టుడు.

మూడవ దినము సాయంకాలము శిబిరము ముగిసెను. బయటకు వచ్చుచుండగా ఆ కుర్రవాడే మరల నొక కాగితము నా చేతికిచ్చెను. అవే యేడు గళ్లు. మూడు దినములలో ఎంత ఎదిగితిమో తెలిసికొనుటకట. నేను కాగితమును మడచి జేబులో పెట్టుకొని, "నీవు ఏ గడిలో టిక్కు పెట్టుకొన్నావు బాబూ?" అని యడిగితిని.

"నేనాండీ? నేను కూర్చోలేదండీ. చెప్పుల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి గదండీ" అని నవ్వి, నేనేమియు చెప్పకమునుపే పోయి, రెండు మూడు వందల జతల నడుమనుండి నా చెప్పులను తెచ్చి కాళ్లముందు పెట్టెను. ఆతనికి తగిన గడి ఏదో యని నా మనస్సు అప్పుడే వెదకబోవుచుండెను.

"ఎడమదాని పట్టీ తెగేట్టుందండీ" అనెను. "మెట్లు దిగేటప్పుడు చూసుకోండి."